ఏ మందూ పనిచేయని ప్లేటు

ఒక్క పూటలో లోకంలోని మందులన్నిటినీ పనికిరాకుండా చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే ఆ మహానుభావుణ్ణి. తాండూరులో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరినప్పటి సంగతిది.

దోమ అనే పల్లె నుంచి అనసూయమ్మ అనే పెద్దావిడను తీసుకొచ్చారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒళ్ళు కాలిపోయే జ్వరం. డాక్టరు ముందుగా ఒక ఇంజెక్షన్ మొదలుపెట్టి, ఏ మందు సరిగ్గా పనిచేస్తుందో తేల్చమని నాకు చెప్పి వికారాబాద్ వెళ్ళాడు. పని తేలికే. ఆమె మూత్రంలో పెరిగిన సూక్ష్మజీవులను ప్లేటు మీద పలుచగా రాసి, మందు బిళ్ళలు పెట్టి, మర్నాటి దాకా ఆగాలి. పనిచేసే మందు చుట్టూ సూక్ష్మజీవులు పెరగక ఖాళీ గుండ్రం కనిపిస్తుంది.

ఆగడమే నాకు చేతకాలేదు. పొద్దున్నే ఆమె కూతురు సుజాత తలుపు దగ్గర నిలబడింది.

"తమ్మీ, జర జల్ది చెయ్యరాదు? అమ్మకేమైతదో అని పానం కొట్టుకుంటున్నది."

"ఫికర్ చెయ్యకు అక్కా. పొద్దుగూకే సరికి చెప్త!"

అనేశాను. ఎలా చెప్తానో నాకే తెలియదు. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. చుట్టాలొస్తున్నారంటే పాలల్లో తోడు ఎక్కువ వేస్తుంది, పెరుగు తొందరగా పేరుకుంటుంది. అంతే! పలుచగా రాయాల్సినదాన్ని చపాతీకి నెయ్యి రాసినట్టు దట్టంగా పట్టించాను.

సాయంత్రం ప్లేటు తీసి చూశాను. అంచు నుంచి అంచుకు తెల్లటి పొర. ఒక్క బిళ్ళ చుట్టూ కూడా గుండ్రం లేదు.

డాక్టరుకు ఫోన్ చేశాను.

"సార్, ఏ మందూ పనిచేస్తలేదు!"

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా సార్!"

"అంబులెన్సుకు చెప్పు. హైదరాబాద్ పంపుదాం. నేనొస్తున్న."

సుజాత గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఏ మందుకూ లొంగని ఆ పురుగు నా వేళ్ళకు అంటుకుందేమోనని సబ్బు అరిగేదాకా చేతులు కడిగి, అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నేనింక ఇంటికి రాను."

"ఏమైందిరా కొడకా? చికెన్ వండిన గదా!"

చికెన్ సంగతి విని ఇంకా ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అనసూయమ్మ లోపలికి నడిచి వచ్చింది.

"కొడకా, మస్తు ఆకలైతున్నది. గీడ యాడన్న ఇడ్లీలు దొరుకుతయా?"

చెయ్యి పట్టి చూశాను. జ్వరం లేదు! పనిచేయదని నేను తేల్చిన ఇంజెక్షనే ఆమెను లేపి నిలబెట్టింది.

డాక్టరు వచ్చి ప్లేటు వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంత రాసినవ్?"

"జర ఎక్కువ సార్. జల్ది కావాలని..."

"గంత పురుగుల మందను తోలితే మందు యాడ నిలబడ్తది? అంబులెన్స్ వద్దని చెప్పు. మళ్ళ చెయ్యి, పలుచగ."

చేశాను. మర్నాడు ఆ ఇంజెక్షన్ మందు చుట్టూనే అన్నిటికంటే పెద్ద గుండ్రం. రిపోర్టు పట్టుకుని పరుగెత్తాను. అనసూయమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"జల్ది చేసినవా, నిమ్మళంగ చేసినవా?"

"నిమ్మళంగనే పెద్దమ్మా."

"అట్లయితే సుజాతా, తీస్కో."

ఆ క్షణానే ప్రతిజ్ఞ చేశాను. కలెక్టరే వచ్చి బతిమాలినా సరే, సూక్ష్మజీవులను వాటి తీరిక చూసుకునే పెరగనిస్తాను. తొందరపడే హక్కు ఈ ల్యాబులో ఇక రోగి ఆకలికే!