రాని మనిషి ఇంటికి

రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. కోసిన కంది చేలోనే పడి ఉంది. తడిస్తే గింజ నల్లబడుతుందని ఆ బుధవారం పొద్దున్నే నేను, నా భార్య కట్టలు మోసి కుప్ప వేస్తున్నాం. పది గంటలప్పుడు మార్కాపురం నుంచి ఎరువుల దుకాణం ఆయన ఫోన్ చేశాడు.

"మేస్త్రి పోయినాడబ్బా" అన్నాడు.

మిగిలిన కట్టలు మోసి, పట్ట కప్పి, కొనకనమిట్ల వచ్చి బస్సెక్కాను.

మేస్త్రి అంటే ఇళ్లకు బండలు పరిచే మేస్త్రి. ఇరవై ఏళ్లు తాగినవాడు. తాగుడు ఒక్కటే కాదు, మనసుకు కూడా జబ్బు ఉండేది. అది వస్తే వారాల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. తాగుడు మానిపించే చోటికి పోతే ముందు మనసుకు వైద్యం చేయించుకుని రమ్మన్నారు. అక్కడికి పోతే ముందు తాగుడు మాని రమ్మన్నారు. నాదీ అదే కథ. నేను తాగడం ఆపినా చెవుల్లో మాటలు ఆగేవి కావు. దుకాణం ఆయనకు భయం జబ్బు, దానికి తోడు సీసా. చివరికి రెండూ కలిపి చూసే డాక్టరు ఒకరు దొరికారు. అక్కడి వరండాలో కలిసినవాళ్లమే ప్రతి ఆదివారం పొద్దున దుకాణం వెనక గదిలో, ఎరువు బస్తాల మీద కూర్చునేవాళ్లం. పదిమందిమి. నడిపించింది మేస్త్రి.

ఒక్కొక్కరినీ వరసగా అడిగేవాడు. నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా, మాత్రలు వేసుకున్నావా. తాగినావా అన్నది ఆఖరున.

"అది ముందు అడిగితే అబద్ధం చెప్తారు. నిద్ర సంగతి అడిగితే మిగతావన్నీ అవే బయటికి వస్తాయి" అనేవాడు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరైనా రాకపోతే, ఇద్దరు అదే రోజు ఆ మనిషి ఇంటికి పోవాలి. ఫోన్ చేస్తే సరిపోదు. "ఫోన్లో అందరూ బాగానే ఉంటారు" అనేవాడు. పళ్లు, బ్రెడ్డు కొననిచ్చేవాడు కాదు. తినకుండా పోవాలి, పోయి అన్నం పెట్టమని అడగాలి. ఆకలితో వచ్చినవాళ్లకు ఏ ఇంట్లోనైనా వండుతారు, వండితే ఆ మనిషి కూడా పక్కన కూర్చుని తింటాడు. ఇది ఆయన లెక్క.

నేను మొదటిసారి ఆ గదికి పోకుండా మానేసిన ఆదివారం ఆయన, దుకాణం ఆయన మధ్యాహ్నం బస్సుకు మా ఊరు వచ్చారు. నేను మూడు రోజులుగా పశువుల కొట్టంలోనే ఉన్నాను. అన్నంలో ఏదో కలిపారని తినడం మానేశాను. మేస్త్రి నాతో వాదించలేదు. కొట్టం గోడ వైపు చూశాడు.

"ఎవరు కట్టినార్రా ఈ గోడ?"

"నేనే."

"తాగి కట్టినావా?"

"లేదు మామా, తాగకుండానే."

"అయితే నీకు తాగుడు మానడం తర్వాత, ముందు గోడ కట్టడం నేర్పాల అల్లుడా."

చొక్కా విప్పి పై వరసలు దించాడు. నేను రాళ్లు అందించాను. దుకాణం ఆయన రాయి ఎత్తలేక ఆయాసపడుతుంటే, "శెట్టీ, నువ్వు కాటా దగ్గర కూసునేటోడివి, పక్కకు జరుగు" అన్నాడు. గోడ లేచేసరికి నా భార్య సంగటి చేసింది. మేస్త్రి నా పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని ముందు తాను తిన్నాడు. అప్పుడు నేను తిన్నాను. తర్వాత నన్ను తీసుకుని డాక్టరు దగ్గరికి పోయారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

పోవడానికి ముందు రెండు ఆదివారాలు మేస్త్రి రాలేదు. మొదటి ఆదివారం, "కూతురి దగ్గరికి కురిచేడు పోయుంటాడులే" అన్నది నేనే. రెండో ఆదివారం ఎవరో పోదామా అంటే, "ఆయనకేమైతది" అన్నదీ నేనే. రాని మనిషి ఇంటికి పోవాలన్న నియమం ఆయనకు కూడా వర్తిస్తుందని మాలో ఎవరికీ తోచలేదు. ఎప్పుడూ వచ్చేవాడు ఆయన, ఆయన దగ్గరికి పోవడం మాకు తెలియదు.

ఆ బుధవారం నేను మేస్త్రి ఇంటికి వెళ్లేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. బాగా చిక్కిపోయాడు. మేస్త్రి భార్య నన్ను చూసి లేవలేదు.

"మళ్లా గోడవైపు తిరిగినాడు. మాత్రలు మింగలే, కూడు తినలే. జ్వరం కూడా వచ్చె. ఆసుపత్రికంటే రానన్నాడు. పొద్దున ఆటో ఎక్కించినాం, దారిలోనే పోయె" అంది.

"ఒక్క ఫోన్ చేయకపోతివా అత్తా."

"చేయొద్దన్నాడు, వాళ్ల పనులు వాళ్లకుంటాయని. మీరే వస్తారనుకుంటి. రెండాదివారాలూ సోలెడు బియ్యం ఎక్కువే పోసినా. రాకపోతిరి."



పాడె వెనక నడిచేవాళ్లలో కొందరు మళ్లీ తాగి పోయాడని అనుకున్నారు. తాగలేదు. ఆయన చొక్కా జేబులో, మంచం కింద, ఇంట్లో ఎక్కడా ఏమీ లేదు. తొమ్మిదేళ్లుగా తాగలేదు. పోయింది రెండో జబ్బుతో. ఆ మాట నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

పదకొండో రోజు అయిపోయాక వచ్చిన ఆదివారం మళ్లీ బస్తాల మీద కూర్చున్నాం. ఎవరు అడగాలో తెలియలేదు. తర్వాత దుకాణం ఆయన నన్ను అడిగాడు, నిద్ర పట్టిందా అని. లేదన్నాను. మాత్రలు వేసుకున్నానన్నాను. అందరి వంతూ అయ్యాక చూస్తే ఎనిమిది మందిమే. అర్ధవీడు నుంచి వచ్చే మేకలాయన లేడు.

"మేకలు ఈనే కాలం కదా, వచ్చే వారం వస్తాడులే" అని ఒకాయన అన్నాడు.

దుకాణం ఆయన లేచి షట్టర్ దించాడు. బస్టాండులో అరటిపళ్ల బండి దగ్గర ఆగబోతే నేను చెయ్యి పట్టి లాగాను.

పన్నెండున్నరకు కంభం బస్సులో అర్ధవీడుకు ఆయన, నేను బయలుదేరాం. ఇద్దరం ఏమీ తినలేదు.