ఉప్పుగాలిని తట్టుకునే దీపం

ఫిలోమినా హైన్స్ వాళ్ల వాకిలి దీపం మళ్లీ పోయింది. అక్టోబరులో, ముసురు పట్టి ఉన్న రోజు. న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ ఒడ్డున రోడ్డుకి ఇవతల మా ఇల్లు, అవతల సముద్రం వైపు వాళ్లది. సాయంత్రం కిటికీ తెర వేయబోతూ చూస్తే వాళ్ల గుమ్మం దగ్గర చీకటి.

ఫిలోమినాకి అరవై దాటాయి. పక్క ఊళ్లోని వృద్ధాశ్రమంలో బట్టలుతికే పని. పొద్దస్తమానం తడి దుప్పట్లు మెషీన్లోంచి లాగి లాగి ఇంటికొచ్చేసరికి చేతులు పైకి లేవవు. ఇంట్లో తమ్ముడు ఆంబ్రోస్. పీతల పడవ మీద పాతికేళ్లకి పైగా పనిచేసి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంట్లో వంటా, పొయ్యీ, గాలికి ఎగిరిపోయే కప్పురేకులూ అన్నీ ఆవిడ నెత్తి మీదే.

ఆ గుమ్మానికి ముందు ఒక ఇనప లాంతరు ఉండేది. నల్లరంగు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రెండు చలికాలాలు గడిచేసరికి తుప్పు కారి తెల్లగోడ మీద చారలు పడ్డాయి. దాన్ని పీకేసి ఎండకి చార్జయ్యే దీపం కొంది. మాకు జూన్ దాకా పొగమంచే, ఎండెక్కడిది? అది సాయంత్రం కాసేపు మిణుకుమని ఊరుకునేది. ఆ తర్వాత మనిషి అలికిడికి వెలిగేది తెచ్చింది. దండెం మీద చొక్కా ఊగినా అది వెలిగేది. వెలిగినప్పుడల్లా ఎవరో వస్తున్నారని ఆంబ్రోస్ లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టేవాడు. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. "ఈ దీపం పుణ్యమా అని నా టీపొడి అయిపోతోందే," అని ఫిలోమినా నాతో నవ్వింది గానీ, తమ్ముడు కిటికీ దగ్గర అలా ఎదురుచూస్తూ నిలబడడం చూడలేకపోయింది. మామూలుగా స్విచ్‌తో వెలిగేలా మార్పించేసింది. ఇప్పుడు దాని లోపలికీ ఉప్పునీరు దిగి, అదీ పోయింది.

"ఇక నా వల్ల కాదు. చీకట్లోనే తిరుగుదాం," అంది.

మర్నాడు సాయంత్రం ఆంబ్రోస్ కట్టెల కోసం బయటికెళ్లి, తడిసిన మెట్టు కనపడక పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది, చెంప కమిలింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి ఫిలోమినా గాయం కడుగుతోంది.

"ఏం కాలేదక్కా. మెట్టే కాస్త పక్కకి జరిగింది," అంటున్నాడు.

"జరగదూ! నీ బరువు చూసి భయపడుంటుంది," అంది ఆవిడ. నా వైపు తిరిగి, "రేపు కొట్టుకి తీసుకెళ్తావా?" అని అడిగింది. ఆవిడకి కారు నడపడం రాదు.

జెరార్డ్ హార్డ్‌వేర్ కొట్టు పక్క ఊళ్లో ఉంది. పని అయ్యాక ఫిలోమినాని ఆశ్రమం దగ్గర ఎక్కించుకుని అటే వెళ్లాను. జెరార్డ్ మంచివాడే, మాటకారి. బల్ల మీద డబ్బాలు వరసగా పెట్టాడు.

"ఇది చూడు ఫిల్. అల్యూమినియం. పైన గట్టి పూత. ఐదేళ్లు గ్యారంటీ."

"గ్యారంటీ మాకూ వర్తిస్తుందా?"

అతను కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా వెనక సన్నక్షరాలు చదివాడు. "సముద్రతీరానికి దగ్గరగా బిగిస్తే వర్తించదట," అని నసిగాడు.

"పెద్ద అల వస్తే మా కిటికీలు కడిగిపోతుంది జెరార్డ్. ఇంక ఎంత దగ్గర కావాలి?"

అతను ఇంకో డబ్బా తెరిచాడు. స్టీలుది. ఇంకోటి, గాజుకి జాలీ ఉన్న ఇత్తడిది. పచ్చబడుతుంది గానీ పాడవదన్నాడు. ఆ ఇత్తడిదాన్ని ఫిలోమినా చేతిలోకి తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి, ధర చూసి మెల్లగా కింద పెట్టేసింది. అక్కడున్న పెయింటు డబ్బా మీద కూలబడి కళ్లు మూసుకుంది. జెరార్డ్ కంగారుగా నా వైపు చూశాడు.

"ఏం లేదు," అంది కళ్లు తెరవకుండానే. "పొద్దుట్నుంచీ అందరూ నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఈ డబ్బాలు కూడా అడుగుతున్నాయి."

అతను లోపల్నుంచి బూడిదరంగు ప్లాస్టిక్ దీపం ఒకటి పట్టుకొచ్చాడు. గుండ్రంగా, మొద్దుగా ఉంది. "రేవులో చేపల ఫ్యాక్టరీ గోడకి ఉన్నవి ఇవే. తుప్పు పట్టడానికి ఇందులో ఏమీ లేదు. అందం మాత్రం లేదు."

ఫిలోమినా కళ్లు తెరిచింది. రోజూ ఆవిడని పనికి తీసుకెళ్లే ఆశ్రమం వ్యాన్ ఆ గోడ పక్కనుంచే వెళ్తుంది. ఎన్ని తుఫాన్లొచ్చినా అక్కడ దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

"అందం నాకూ లేదుగా. కట్టు," అంది.

ఇంట్లో ఆంబ్రోస్ దాన్ని చూసి, "ఇదేంటక్కా, ఆశ్రమంలోంచి ఉచ్చగిన్నె ఎత్తుకొచ్చావా?" అన్నాడు.

"నోర్మూసుకుని స్క్రూలు చూడు."

డబ్బాలో వచ్చిన స్క్రూలు తుప్పు పడతాయని పక్కన పడేసి, తన పడవ సామాన్లలోంచి స్టీలువి వెతికి తీశాడు. ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఇంట్లో కరెంటు మెయిన్ ఆపేశారు. అతను నిచ్చెన ఎక్కలేడు కాబట్టి ఆవిడ ఎక్కింది. నిచ్చెనకి ఒక కాలు అతనూ, ఇంకో కాలు నేనూ పట్టుకున్నాం.

"పైనా పక్కలా సిలికాన్ జిగురు పట్టించు. కింద వదిలెయ్యి. లోపలికి చేరిన నీళ్లు కారిపోవాలి," అన్నాడు ఆంబ్రోస్.

"నాకు తెలుసు."

"తెలిస్తే కింద కూడా రాస్తున్నావెందుకు?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నుదురు గోడకి ఆనించి అలాగే ఉండిపోయింది.

"అక్కా?"

"కాసేపు మాట్లాడకు."

అతను నిచ్చెనని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పైకే చూస్తున్నాడు. కొంతసేపటికి మెల్లగా, "వచ్చే ఏడు ఆ పని మానెయ్యక్కా," అన్నాడు.

"మానేసి ఏం చెయ్యను?"

"ఇంట్లో కూచుని నాతో పోట్లాడు."

"అది ఇప్పుడూ చేస్తున్నాగా," అని కింద రాసిన సిలికాన్ వేలితో తుడిచేసి, స్క్రూ బిగించింది.

చీకటి పడ్డాక స్విచ్ వేస్తే పసుపు వెలుగు మెట్లన్నిటి మీదా, కట్టెల మోపు దాకా పడింది. బాగుందన్నాను. "వెలుగుతోందిగా, చాలు," అని ఆవిడ లోపలికెళ్లి బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయింది. ఆంబ్రోసే బంగాళాదుంపలు ఉడకపెట్టాడు.

ఆ చలికాలం గాలి మా కప్పు ఒక మూల ఎత్తేసింది. వాళ్లింట్లో వేడినీళ్ల ట్యాంకు పగిలింది, పొగగొట్టం వంగిపోయింది. ఫిలోమినా పని మానలేదు గానీ, తర్వాతి ఏడు నుంచి వారంలో రెండు రోజులు తగ్గించుకుంది. దీపం ఒళ్లంతా మంచు పేరుకుని కూడా వెలిగింది. చీకటి పడకముందే ఆంబ్రోస్ స్విచ్ వేసి, ఆవిడ వ్యాన్ దిగేదాకా కిటికీ దగ్గర ఉండేవాడు.

మూడో చలికాలం నడుస్తుండగా ఒక సాయంత్రం ఆవిడ వ్యాన్ దిగి సంచీ మోసుకుంటూ వస్తుంటే గేటు దగ్గర కలిశాను.

"మీ దీపం భలే నిలిచింది ఫిల్," అన్నాను.

"ఏ దీపం?" అంది.

నేను గుమ్మం వైపు చూపించాను. అటు తిరిగి, అదొకటి ఉందన్న సంగతే చాన్నాళ్లకి గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం చూసింది.

"అవును కదూ," అని, సంచీ రెండో చేతికి మార్చుకుని మెట్లెక్కింది.