పాస్‌బుక్కులో పై వరుస

మా మనవరాలు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. కొన్నవాళ్ళు ఫోనుతో డబ్బు కట్టడానికి తలుపు పక్కన ఒక స్కానర్ అట్ట పెట్టుకోవాలట. దానికి తన పాత ఖాతానే కలపాలా, వ్యాపారానికని వేరే ఖాతా తెరవాలా అని నన్ను అడిగింది. అడగడమే ఆలస్యం, నేను మొదలుపెట్టాను.

"నాకు మూడు ఖాతాలుండేవి తల్లీ. ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి. నేను లోపలికి అడుగు పెడితే మేనేజరు కుర్చీలోంచి లేచేవాడు."

ఆ పిల్ల నమ్మి, పొయ్యి దగ్గరికి పోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. అబద్ధాలు నాకు బాగానే అరుగుతాయి. ఆమె అడిగినదానికి నా దగ్గర నిజమైన జవాబు ఒకటుంది. అది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నాకున్నది ఒకటే ఖాతా, ప్రొద్దుటూరులో. మేనేజరు లేచిన మాట నిజమే. అప్పుడాయన భోజనానికి పోతున్నాడు.

బజారు వెనక సందులో నాకు బోర్డులు రాసే అంగడి ఉండేది. ఒక రేకు తలుపు, పది రంగు డబ్బాలు, కుంచెలు. యజమానీ నేనే, కూలివాడూ నేనే. ఎన్నికలొస్తే గోడలు రాసేవాణ్ణి. మూడు తాలూకాల్లో నా అక్షరం లేని గోడ లేదని చెప్పుకునేవాణ్ణి. లేని గోడలే ఎక్కువ.

ఆ రోజుల్లో మా వైపు గోడంటే ఆటలు కాదు. సున్నం కొట్టి మూలన చిన్నగా పార్టీ గుర్తు వేస్తే ఎన్నికలయ్యేదాకా ఆ గోడ వాళ్ళది. దాని మీద ఇంకొకరు కుంచె పెడితే తలలు పగిలేవి. ఒక వర్గానికి రాసిన చేయి ఇంకో వర్గానికి రాయకూడదు. ఆ సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

నా అంగడిని ఆనుకొని ఒక టైలరు అంగడి. ముస్లిం, నాకంటే చిన్నవాడు. ఒకరినొకరం మామా అనుకునేవాళ్ళం. ఎవరు ఎవరికి మామో ఎన్నడూ తేల్చుకోలేదు. మామూలు రోజుల్లో చొక్కాలు, ఎన్నికలప్పుడు జెండాలు, కండువాలు కుట్టేవాడు. అతని అన్న కువైట్‌లో డ్రైవరు. టైలరుకు ఖాతా లేదు, బ్యాంకు మెట్లెక్కాలంటేనే జంకు. అందుకని అన్న పంపే డ్రాఫ్టు నా పేర వచ్చేది. నేను తీసి అతనికిచ్చేవాణ్ణి. మా సందులో అది మామూలే, ఖాతా ఉన్నవాడు ఒకడుంటే అది సందంతటికీ ఖాతా. నా పాస్‌బుక్కులో ఇంటి బియ్యం డబ్బు, రంగుల డబ్బు, మా ఆవిడ చీటీ డబ్బు, కువైట్ డబ్బు అన్నీ ఒకే బానలో పోసిన గంజిలా ఉండేవి.

మేనేజరు ఒకసారి పిలిచి చెప్పాడు. "ఏమప్పా, నువ్వు యాపారం చేస్తాండావు. అంగడి పేర కరెంటు ఖాతా తెరువు. ఇంటి దుడ్లు వేరే, అంగడి దుడ్లు వేరే పెట్టు."

"తప్పదా సార్?"

"తప్పదని నేను చెప్పలా. ఒక్కనివే చేసుకుంటాండావు, నీ ఇష్టం. కానీ రేపు ఏ రూపాయి ఎవరిదని ఎవరన్నా అడిగితే యాడ చూపిస్తావు?"

"నేనూ అంగడీ ఒకటే సార్. అది పస్తుంటే నేనూ పస్తే."

కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ మాటను నెల రోజులు సందులో చెప్పుకొని తిరిగాను. అసలు సంగతి, కరెంటు ఖాతాలో కొంత డబ్బు ఎప్పుడూ కదలకుండా ఉండాలి. నా దగ్గర అంత లేదు.

ఆ ఎన్నికలకు పులివెందుల వైపు ఊళ్ళలో గోడలు రాసే పని ఒక వర్గం వాళ్ళు నాకిచ్చారు. పని చూసుకునే ఏజెంటు తెల్ల చొక్కా మనిషి, శాంతంగా మాట్లాడతాడు. మా వైపు అరిచేవాడికి ఎవరూ భయపడరు, శాంతంగా మాట్లాడేవాడికే భయపడతారు.

"ఇంగొకరికి రాయవు గదా?" అన్నాడు.

"నా కుంచె మీద ఒట్టు అన్నా."

జెండాలు, కండువాలు కుట్టే పని టైలరుకు ఇప్పించింది నేనే. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు.

కొన్నాళ్ళకు అవతలి వర్గం తరఫున జమ్మలమడుగు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. రెండు ఊళ్ళ గోడలు రాస్తే ఒకటిన్నర రెట్లు ఇస్తానన్నాడు. ఒట్టు పెట్టిన కుంచె ఇంట్లో పెట్టి వేరే కుంచె తీసుకొని పోయాను. నా చేతిరాత గుర్తు పట్టకుండా తలకట్లు మార్చి రాశాను. దాన్ని గొప్ప తెలివి అనుకున్నాను. ఆ కాంట్రాక్టరు తన లెక్కల్లో బోర్డుల ఖర్చుగా చూపించుకోవాలని చెక్కు ఇచ్చాడు. అది నా ఖాతాలో పడింది. ఉన్నది ఒకటే కదా.

ఏజెంటు ఇచ్చిన చెక్కు మాత్రం పడలేదు. ఒకరోజు మధ్యాహ్నం జీపు నా అంగడి ముందు ఆగితే, ధైర్యం చేసి అడిగాను.

"చెక్కు ఇచ్చినాం గదప్పా."

"ఇచ్చినారు గానీ పడలేదన్నా. కావాల్నంటే మీరే చూడండి" అని పాస్‌బుక్కు తెరిచి ఆయన ముందు పెట్టాను.

పడలేదన్న మాట నిజం. కానీ చివరి వరుసకు పైన, గుమాస్తా గుండ్రటి చేతిరాతలో, కాంట్రాక్టరు పేరు ఇంటిపేరుతో సహా ఉంది. నాకు ఆ సంగతే తట్టలేదు. నా డబ్బు రాలేదని చూపించే తొందరలో, వచ్చిన డబ్బు కూడా చూపించేశాను.

ఆయన ఆ వరుస మీద వేలు పెట్టాడు. "ఇదేందప్పా?"

జీపులో ఉన్న ఇద్దరూ కిందికి దిగారు.

"నా కుంచె నా ఇష్టం అన్నాను, ఆయన నోరెత్తలేదు" అని మా ఆవిడకు చెప్పాను. పాపం, ఆమె ఆ మాట నమ్మే పోయింది. నేను నిజంగా అన్నది ఇది.

"అది నాది కాదన్నా. పక్క టైలరుది. వానికి ఖాతా లేదు. వాని దుడ్లన్నీ నా ఖాతాలోనే పడతాయి. బ్యాంకులో అడగండి."

ఆయన వెనక్కి పేజీలు తిప్పాడు. కువైట్ డ్రాఫ్టులు వరుసగా కనబడ్డాయి. "ఇవి?"

"వానివే."

అవి నిజంగా అతనివే. ఆ నిజాలు నా అబద్ధానికి గుంజలై నిలబడ్డాయి.

"అంటే వాళ్ళకు గూడా జెండాలు కుట్టినాడా?"

"ఏమోన్నా. నాకేం తెలుసు?"

ఈ మాటలు జరుగుతున్నంతసేపూ గోడ అవతల అతని మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. వీళ్ళ జెండాలే కుడుతున్నాడు.

ఎవరూ అతణ్ణి కొట్టలేదు. మరునాడు పొద్దున జీపు వచ్చి కుట్టినవీ కుట్టనివీ అన్నీ ఎత్తుకుపోయింది. కుట్టుకూలి ఒక్క రూపాయి ఇవ్వలేదు. పోతూ పోతూ ఏజెంటు సందు వైపు తిరిగి, "ఈని చేతికి గుడ్డ ఇయ్యొద్దండి" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. బడి యూనిఫారాలు రాలేదు, పెళ్ళి బట్టలు రాలేదు. తన చొక్కాలు తనే విప్పి మళ్ళీ కుట్టుకుంటూ కూర్చునేవాడు, మిషను ఆగితే బాగుండదని.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి అడిగాడు. "మామా, నేను ఎవరికీ కుట్టలేదే. నా పేరు ఎట్ల పోయిండాది వాళ్ళ కాడికి?"

"ఎవడో గిట్టనోడు చెప్పింటాడులే."

"నాకు గిట్టనోడు ఎవడుండాడు మామా?"

నేను డబ్బా మూత రావడం లేదని స్క్రూడ్రైవరు కోసం వెతకడం మొదలుపెట్టాను. అది చేతిలోనే ఉంది.

మూడు నెలలకు మిషను అమ్మేసి, అన్న పంపిన వీసా మీద కువైట్ పోయాడు. పోయే ముందు, "దుడ్లు నీ ఖాతాకే పంపుతా మామా. ఇంట్లో ఇయ్యి" అన్నాడు. ఏళ్ళ తరబడి పంపాడు. డబ్బు పడిన రోజే తీసి అతని భార్యకు ఇచ్చి వచ్చేవాణ్ణి. ఒక్క రూపాయి తగ్గనివ్వలేదు. "నీ రుణం ఎట్ల తీర్చుకోవల్ల అన్నా" అని ఆమె ప్రతి రంజాన్‌కూ డబ్బాలో సేమియా పంపేది. ఆ సేమియా నా గొంతు దిగేది కాదని రాయబోయాను. దిగేది. చాలా బాగుండేది. డబ్బా అడుగు కూడా గీకి తినేవాణ్ణి.

పోయిన ఏడు అతను తిరిగొచ్చేశాడు. తల నెరిసింది, నడుం వంగింది. మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకొని, "మామా, ఆ జీపు వచ్చిన రోజు..." అన్నాను.

"పెయింటరు చెప్పినాడని ఆ పొద్దే అన్నారు మామా. గుడ్డలు ఎత్తుకుంటానే అన్నారు."

"తెలిసి మళ్ళీ నన్నెందుకు అడిగినావు?"

"నువ్వే చెప్తావేమోనని."

నేనే మళ్ళీ అడిగాను. "మరి ఇన్నేండ్లు నా ఖాతాకే ఎందుకు పంపినావు?"

"నాకు ఖాతా యాడుందప్పా?" అని నవ్వాడు. "అయినా నువ్వు దొంగవు కాదు, భయస్తునివి. భయపడినోని కాడ దుడ్లు యాడికీ పోవు."

నేను లేచి అతని కాళ్ళు పట్టుకొని ఏడ్చాను అని ఇక్కడ రాసి, కొట్టేశాను. లేవలేదు. టీ తాగుతావా అని అడిగాను. తాగుతానన్నాడు. చక్కెర ఎక్కువ వేయమని లోపలికి కేకేశాను. నేను చేసిన క్షమాపణ అంతే.

తల్లీ, మూడు ఖాతాల మాట మరిచిపో. వేరే ఖాతా లేకపోయినా కేకులు అమ్ముకోవచ్చు, నిన్నెవరూ పట్టుకోరు. అయినా తెరువు. అందులో నీ కేకుల డబ్బు తప్ప ఇంకెవరిదీ పడనివ్వకు. ఎప్పుడైనా ఎవరైనా ఒక వరుస మీద వేలు పెట్టి ఇదేందని అడిగితే, నాది అనడం తప్ప నీకు ఇంకో దారి ఉండకూడదు.