కొలువు కదలకూడదు

మా వీరరాఘవులు మామకి ఒక్కటే జబ్బు. ఒకసారి ఒక చోట కూచోబెట్టిన బొమ్మని ఇక ఎవరూ కదిలించకూడదు. ఈ ఒక్కటీ తీసేస్తే ఆయనంత సాధువు మద్రాసులో మా చూలై పేట మొత్తంలో దొరకడు. కానీ పక్కనున్నవాడు నెత్తీ నోరూ కొట్టుకోవడానికి ఈ ఒక్కటే చాలు. ఆ పక్కనున్నవాణ్ణి ఖర్మకొద్దీ నేనే.

మామ అన్నాను గాని చుట్టరికం ఏమీ లేదు. మా వీధి చివర ఆయనకి బొమ్మల దుకాణం ఉండేది. నవరాత్రి కొలువులకి మట్టిబొమ్మలు, కాగితపు గుజ్జు బొమ్మలు చేయించి అమ్మేవాడు. అమ్మేవాడు అనడం కూడా ఎక్కువే. కొనడానికి వచ్చినవాళ్లు బొమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తారు కదా. మామ దగ్గర ఆ పప్పులుడకవు.

"అమ్మా, ఆయన్ని ఎత్తొద్దు. నువ్వే కొంచెం వంగి చూడు."

"వెనకాల పగులుందేమో చూసుకోవద్దా?"

"నిన్నట్లా ఎత్తి వీపు తిప్పి చూస్తే ఊరుకుంటావా తల్లీ?"

ఆ తల్లి ఊరుకోదు. విసవిసా నడిచి ఎదుటి దుకాణానికి పోతుంది. మామ మాత్రం బొమ్మ వైపు తిరిగి, "ఏమీ అనుకోవద్దు సామీ, కొత్త మనిషి" అని సర్దిచెప్పేవాడు. తప్పిజారి బొమ్మ అమ్ముడుపోయిన రోజున ఆయన ముఖం చూడాలి. ఆడపిల్లని అత్తారింటికి పంపినవాడిలా వీధి మలుపు దాకా వెంట వెళ్లి, రిక్షావాడికి గుంతలు చూసుకుని తొక్కమని చెప్పి వచ్చేవాడు.

ఇక నా సంగతి. తొంభై తొమ్మిదిలో అదే వీధిలో నేను ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. మూడు కంప్యూటర్లు, ఒక ఫోను లైను, బోలెడన్ని ఈగలు. వచ్చేవాళ్లలో సగం మంది ఎస్టీడీ బూత్ అనుకుని వచ్చి, కాదని తెలిసి నన్ను తిట్టి పోయేవాళ్లు. మా నాన్న జయరామ్ అంబత్తూరులో ఒక నట్లూ బోల్టుల కంపెనీలో సూపర్‌వైజరు. ఆయన తేల్చి చెప్పేశాడు.

"దసరా మొదలయ్యేదాకా చూస్తా సతీషూ. అప్పటికీ ఇట్లానే ఉంటే షటర్ దించేసి మా కంపెనీ స్టోర్సులో కూచో. చుమ్మా ఊరికే ఈడ ఈగలు తోలేదానికా నిన్ను చదివించింది?"

ఆ స్టోర్సు నేను చూశాను. కిటికీ లేని గది, తిరగని ఫ్యాను, గ్రీజు వాసన. అందులో నా జీవితం బోల్టులు తూకం వేస్తూ ముగిసిపోవడం నాకు కలలోకి కూడా వచ్చేది. అందుకే, దుకాణాలవాళ్లకి వెబ్ పేజీలు చేసిపెడతాను అని బోర్డు రాయించాను. ఆ బోర్డు చూసి లోపలికి వచ్చిన మొట్టమొదటి మహానుభావుడు వీరరాఘవులు మామ.

"ఒరే, నీ పెట్టెలో కొలువు పెట్టొచ్చునా?"

"భేషుగ్గా పెట్టొచ్చు మామా!"

"మహాలయ అమావాస్య లోపల అయిపోవాల. మరునాడు కొలువు కదా."

నా పంట పండిందనుకున్నాను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ముందు ఫోటోలు తియ్యాలి. బొమ్మలు అల్మారాల్లోంచి కదలకూడదు. కదలాల్సింది నేను. కింది అరకోసం నేలమీద బోర్లా పడుకున్నాను, పై అరకోసం స్టూలెక్కి వేలాడాను. ఫ్లాష్ మెరిసినప్పుడల్లా మామ, "కండ్లు మూసుకో తల్లీ" అని అమ్మవారిని ముందుగా హెచ్చరించేవాడు. ఆ ఫోటోలన్నీ కడిగించి, స్కాన్ చేసి, తెరమీద మెట్లు కట్టాను. పై మెట్టున కలశం, దాని పక్కన మరపాచి చెక్కబొమ్మ, కింద దశావతారాలు, ఇంకా కింద పెళ్లి ఊరేగింపు, అట్టడుగున పప్పులు అమ్ముకునే శెట్టియార్ దంపతులు. అన్నీ వేలిగోరంత బొమ్మలే. పెద్దవి పెడితే మా ఫోను లైను మీద అవి దిగేసరికి దసరా పోయి దీపావళి వస్తుంది. అందుకే, కావాల్సిన బొమ్మ మీద నొక్కితే అది పెద్దదై కనపడేట్టు చేశాను. గర్వంగా మామని పిలిచి రాముడి మీద నొక్కాను. కొత్త కిటికీ తెరుచుకుని, తెరనిండా రాముడు వచ్చాడు.

మామ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మిగతావాళ్లు యాడరా?"

"ఈ కిటికీ వెనకాల ఉన్నారు మామా."

"సీతమ్మ ముఖానికి అడ్డంగా రాముణ్ణి నిలబెడతావా? తియ్యి, తియ్యి!"

సరే, కిటికీ తీసేశాను. నొక్కితే అదే పేజీ మారి పెద్ద బొమ్మ వచ్చేట్టు, వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే మళ్లీ కొలువు కనపడేట్టు చేశాను. మామ చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"మొదటి రోజే కొలువు ఎత్తేసినావు కదరా పాపీ!"

"బటన్ నొక్కితే మళ్లీ వస్తుంది మామా."

"ఇంట్లో ఎవరైనా నిమిషానికోసారి కొలువు ఎత్తి, మళ్లీ పెడతారా?"

నాకు ఏడుపొచ్చింది. అయినా పట్టు వదలకుండా, బొమ్మ తన మెట్టు మీదే, ఉన్నచోటే ఉబ్బేట్టు రాశాను. నొక్కగానే రాముడు పెద్దవాడయ్యాడు. ఆయన పెద్దవాడైనంత మేరా పక్కవాళ్లు జరిగారు. పరశురాముడు అంచు దాటిపోయాడు, వరాహస్వామి జారి జారి శెట్టియార్ పప్పుల బుట్ట పక్కన తేలాడు. మామ పెట్టిన కేకకి వీధిలో సైకిల్ మీద పోతున్నవాడు దిగి చూశాడు.

"కొలువు కదిలిందిరా! అయ్యో కడవులే, దేవుడా, కొలువు కదిలింది!"

"కదిలితే ఏమైంది మామా? ఇవి ఉత్త బొమ్మలు! బొమ్మలు కూడా కాదు, బొమ్మల ఫోటోలు!" అని నేనూ అరిచాను.

మామ నా వైపు జాలిగా చూసి, "పోయి మంచినీళ్లు తాగిరా, పో" అన్నాడు.

అమావాస్య తరుముకొస్తోంది. పుస్తకాలు తిరగేసి, జుట్టు పీక్కుని, చివరికి తెరని రెండు భాగాలు చేశాను. ఎడమవైపు కొలువు, కుడివైపు ఖాళీ జాగా. బొమ్మ మీద నొక్కితే దాని పెద్దరూపం కుడివైపు వస్తుంది. చిన్న బొమ్మ మాత్రం మెట్టు మీద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఎవరూ జరగరు, ఎవరికీ ఎవరూ అడ్డం రారు. మామ ఒక్కొక్క మెట్టు మీదా బొమ్మల్ని వేలితో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత తల ఊపాడు. నేను ఆ దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకున్నాను. తొందరపడ్డాను.

"ముందు కిరీటం, తర్వాత ముఖం వస్తా ఉండాదేమిరా? దేవుణ్ణి పాదాల నుంచి కదా చూడాల. కిందనుంచి రానియ్యి."

"అది నా చేతిలో లేదు మామా. బొమ్మ పైనుంచే దిగుతుంది."

"మళ్లా ఏం చదువుకున్నావురా నువ్వు?"

ఆయన నన్ను క్షమించి వదిలేసిన విషయం అదొక్కటే. పాదాలు దిగేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇక దుకాణం పేరు, ఫోను నంబరు, బొమ్మల రేట్లు పెడదామని కూచున్నాను. ఒక్కటీ పెట్టనివ్వలేదు.

"కొలువులో బొమ్మకి రేటు చీటీ అంటిస్తారా ఎవరైనా?"

"మరి అమ్మేదెట్లా మామా?"

"అమ్మమని నిన్ను ఎవరు అడిగినారు?"

అమావాస్య రోజు మా నాన్న వచ్చి పేజీ చూశాడు. "బాగుండాది. ఎవరి దుకాణం?" అన్నాడు. పేరు లేదన్నాను. ధరెంత అన్నాడు. లేదన్నాను. కావాలంటే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నాడు. నంబరు కూడా లేదన్నాను. ఆయన నా భుజం తట్టి, అంబత్తూరు బస్సు పొద్దున ఎన్ని గంటలకో చెప్పి వెళ్లిపోయాడు. కొడుకుని తిట్టే ఓపిక కూడా పోయిన తండ్రిని చూడటం కంటే తిట్లు తినడమే సుఖం.

మరునాడు నవరాత్రి మొదటిరోజు. సాయంత్రం నేను ఇక షటర్ దించేద్దామని మౌసుల తీగలు చుట్టిపెడుతుంటే గుమ్మంలో మామ కనపడ్డాడు. ఆయన వెనకాల కనకవల్లి అత్త. పక్కవీధిలో ఆమె పెట్టే కొలువంటే చూలైలో అందరికీ తెలుసు. హాలు నిండా మెట్లు, వచ్చినవాళ్లందరికీ దొప్పల్లో సుండల్, అదే తాలింపు శనగలు. మొన్న ఎండాకాలంలో ఆమె భర్త పోయాడు. మా ఇళ్లలో చావు జరిగిన ఏడాది కొలువు పెట్టరు. పెట్టినవాళ్లు ఆ ఇంటివాళ్లని పేరంటానికి పిలవరు కూడా. ఆమె గుమ్మం బయటే ఆగిపోయింది.

"తప్పు కదా రాఘవులూ? ఇంట్లో మైల పెట్టుకొని."

"ఈడ నిజం కలశం లేదు, దీపం లేదు. ఉత్త కరెంటు. రా అక్కా."

"ఎవరైనా ఏమైనా అంటే?"

"కంప్యూటర్లో కొలువు చూడకూడదని ఏ శాస్త్రంలో ఉండాది? నేను పంతుల్ని అడిగినా. కంప్యూటర్ అంటే ఏంది అన్నాడు. ఆయనకే తెలీని దాంట్లో నీకు తప్పేముండాది?"

ఆమె వచ్చి కూచుంది. నేను మౌసు చేతికిచ్చాను. ఆమె భయంభయంగా రాముడి మీద నొక్కింది. కుడివైపు కిరీటం, ముఖం, విల్లు నెమ్మదిగా దిగాయి. ఆమె పెద్ద రాముణ్ణి వదిలేసి, గబుక్కున ఎడమవైపు మెట్టు చూసుకుంది. అక్కడ చిన్న రాముడు సీతమ్మ పక్కన అలాగే ఉన్నాడు.

"ఆయన చోట్లోనే ఉండాడే," అంది.

"ఉంటాడక్కా. రేపు వచ్చినా ఆడే ఉంటాడు. ఎవరూ యాడికీ పోరు," అన్నాడు మామ.

అప్పటికి నాకు అర్థమైంది. ఒక మనిషి చోటు ఖాళీ అయిన ఇంటి నుంచి వచ్చిన ఆమె కంటికి, ఇక్కడ ఇంకో ఖాళీ కనపడకూడదని ఈ మనిషి నన్ను ఇన్నాళ్లూ ఏడిపించాడు. అమ్మకం ఊసే ఆయన మనసులో లేదు. ఆయన కాళ్లమీద పడదామనిపించింది గాని, పడితే మళ్లీ ఏదో ఒక మార్పు చెబుతాడని భయమేసి ఊరుకున్నాను.

మరునాడు ఇంకొందరు వచ్చారు. ఏ ఇంట్లో ఈ ఏడు కొలువు లేదో మామకి తెలియనిది కాదు, అవన్నీ ఆయన బొమ్మలు వెళ్లిన ఇళ్లే. మూడు కంప్యూటర్లలోనూ అదే కొలువు. వాళ్లు తెరముందు పాటలు పాడారు, మానిటరుకి మల్లెపూలు చుట్టారు. తోడొచ్చిన కోడళ్లూ మనవరాళ్లూ పక్కన ఊరికే కూచోలేక ఈమెయిల్ అంటే ఏమిటని అడిగారు. నన్ను అంబత్తూరు తీసుకుపోవడానికి వచ్చిన మా నాన్న, గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి అక్కడే ఆగిపోయాడు.

"జయరామూ, చెప్పులు ఆడ విప్పి రా," అన్నాడు మామ.

నాన్న విప్పి వచ్చి, చోటు లేక ఒక మూల నిలబడి రెండు పాటలు విన్నాడు. వెళ్తూ వెళ్తూ, "స్టోర్సులో ఇంకెవర్నో చూసుకోమంటాలే," అన్నాడు.

విజయదశమి సాయంత్రం అందరూ మళ్లీ చేరారు. కొలువు ఎత్తేముందు ఒక బొమ్మని పడుకోబెట్టాలి. అది ఆనవాయితీ. కనకవల్లి అత్త మరపాచి చెక్కబొమ్మని చూపించి, "ఈ పిల్లని పడుకోబెడదాం, తొమ్మిది రోజులు నిలబడే ఉండాది," అంది. నేను ఆ బొమ్మ పెద్ద ఫోటోని అడ్డంగా తిప్పి పెట్టాను. ఆమె నొక్కింది. కుడివైపు చెక్కబొమ్మ పెద్దగా, హాయిగా పడుకుని కనపడింది. అత్త కళ్లు తుడుచుకుంది, నవ్వింది కూడా. ఇక అయిపోయిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

మామ తెర దగ్గరికి వంగి చూశాడు.

"ఒరే, కటికనేల మీద పడుకోబెట్టినావేందిరా? తలకింద దిండు ఏదీ?"

నేను తల పట్టుకుని, మళ్లీ మౌసు అందుకుని దిండు గియ్యడం మొదలుపెట్టాను. నా వెనకాల అందరూ గలీబు రంగు గురించి వాదించుకుంటున్నారు.