గుడ్ ఫ్రైడే గొయ్యి

ఏసుప్రభువు ప్రాణం విడిచిన రోజున ఊరి పక్క మట్టిదిబ్బలో పాతిపెట్టిన పూర్వీకులకు కావలి ఉండదనీ, ఆనాడు తవ్వితే దిబ్బ తానే బంగారం ఇస్తుందనీ పెరూ తీరంలోని ఆ పల్లె నమ్మకం. దొమితిలా భర్త ఎలుతెరియో కూడా అలాగే నమ్మి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఒక గుడ్ ఫ్రైడే నాడు తవ్వడానికి పోయాడు. గొయ్యి కూలింది. తమ్ముడు కసిమీరో ఒక్కడే తిరిగొచ్చాడు.

"దొంగతవ్వకమంటే జైలే వదినా. అడవి పనికి పోయాడని చెప్పు" అని కాళ్లు పట్టుకున్నాడు. ఊరికి ఆమె అదే చెప్పింది. ఆ తర్వాత వలలో పడిన చేపల్లో సగం వదినకు ఇవ్వందే అతను ఏనాడూ ఇంటికి పోలేదు.

ఏళ్లు గడిచాక పట్నం నుంచి పురావస్తు తవ్వకాలవాళ్లు ఆ దిబ్బకే వచ్చారు. దొమితిలా మట్టి జల్లించే పనికి కుదిరింది. పెనిమిటి ఎముకలు దొరికితే శ్మశానంలో ఒక సిలువ కింద పెట్టుకోవాలి, అంతే ఆమె ఆశ. కసిమీరో కూడా మట్టిబండి తోయడానికి వచ్చాడు.

ముందు ఒక ముసలమ్మ సమాధి బయటపడింది. వెయ్యేళ్ల పైమాటే. చేతిలో కదురు, పక్కన సొరకాయ బుర్రలో మొక్కజొన్నలు.

"పళ్లు చూడు, పోగు కొరికి కొరికి అరిగిపోయాయి" అంది తవ్వకాలు నడిపించే డాక్టరమ్మ ఫాబియోలా.

"నావీ అంతే డాక్టరమ్మా! ‘నూలుతో కడుపు నింపుకుంటావా కోడలా’ అని మా అత్త దెప్పేది."

దొమితిలా నవ్వబోయి ఆగింది. ఆ ముసలమ్మ తల కింద ఆనాడు పాతిపెట్టినవాళ్లెవరో పత్తి సర్దారు.

ఆ పక్కనే గట్టినేలలో వదులుమట్టి గుండ్రంగా కనిపించింది. "ఇది పాతది కాదు, దొంగలు తవ్వి వదిలిందే" అంటూ డాక్టరమ్మ తాపీతో గీకింది. టైరు చెప్పు, దానిలో పాదం ఎముకలు తేలాయి. ఆమె పని ఆపించి, తన శాలువా తీసి కప్పింది.

"పోలీసులకు చెప్పక తప్పదు. ఎవరో తెలియకపోతే అనాథ శవాల్లో కలిపేస్తారు."

దొమితిలా సిలువ గుర్తు వేసుకుంది. "నా పెనిమిటి, డాక్టరమ్మా. ఎలుతెరియో."

"ఒక్కడే తవ్వాడా?"

"ఒక్కడే."

కసిమీరో బండి వదిలేశాడు. "నేనూ ఉన్నా. కూలాక కూడా అన్న పిలుస్తూనే ఉన్నాడు. నేను పారిపోయా వదినా."

ఆమె శాలువా పక్కన కూర్చుంది. తోటి ఆడవాళ్లు నీళ్లు తాగించబోతే చెంబు పక్కకు నెట్టేసింది.

సాయంత్రం పోలీసు జీపులో అన్న ఎముకల సంచీ పక్కనే తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. దొమితిలా ఇద్దరి కోసం ప్రార్థించబోయింది. రెండో పేరు గొంతు దాటి రాలేదు.