దీపావళికే ఎందుకు ఓడెక్కాం

మా ఆయన చింతపండు మండీ నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చున్నాక జేబులోంచి ఒక రంగు కాగితం తీసి నా వైపు జరిపాడు. దాని మీద పెద్ద తెల్ల ఓడ బొమ్మ.

"దీపావళికి దీంట్లో పోదాం," అన్నాడు.

పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి వెళ్లినవి తిరుపతి, మంత్రాలయం, ఒకసారి బెంగళూరులో కంటి ఆసుపత్రి. సముద్రాన్ని చూసింది టీవీలోనే.

"యాడికి పోతాదంట ఆ ఓడ?"

"యాడికీ పోదు. ముంబైలో ఎక్కితే సముద్రంలో తిరిగి మూడో రోజు మల్ల ముంబైకే వస్తాది."

"యాడికీ పోనిదాన్ని ఎక్కేదేంటికి?"

ఆయన పప్పన్నంలో ఇంకాస్త నెయ్యి వేసుకున్నాడు.

ఓడ కన్నా నాకు దీపావళి సంగతే అర్థం కాలేదు. మాది హిందూపురంలో తరాలుగా వ్యాపారం చేస్తున్న ఇల్లు. వేరే ఏ పండక్కయినా అంగడి మూస్తే మూస్తాం గానీ, దీపావళి సాయంత్రం లక్ష్మీపూజ అంగట్లో జరిగి తీరాలి. ఒక ఏడు జ్వరంతో వణుకుతూ కూడా కంబళి కప్పుకుని వెళ్లి హారతి ఇచ్చిన మనిషి, అదే రోజు ఊళ్లో లేకుండా పోదామంటున్నాడు.

మరుసటి రోజు ఆయనకు చెప్పకుండా, బస్టాండు దగ్గర మేడమీద ఉన్న ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాను. ఆ ఆఫీసు నడిపే ఆమె నా ఈడుదే. కంప్యూటర్ నా వైపు తిప్పి, ఈ ఓడల్లో పండగకో రకం ఉంటుందని చెప్పింది. దసరాకు దాండియా ఓడ, తర్వాత దీపావళి ఓడ, క్రిస్మస్ ఓడ, కొత్త సంవత్సరం ఓడ.

"అన్నీ వేరేవేరే ఓడలా?"

"కాదక్కా, ఓడ ఒకటే. లోపల అలంకారం మారుస్తారు."

"దీపావళికి దీపాలు పెట్టనిస్తారా?"

"అయ్యో, నిప్పు ఉండకూడదక్కా. బ్యాటరీ దీపాలు. టపాకాయలు కూడా లేవు. స్వీట్లు మాత్రం ఉంటాయి, వెజిటేరియన్‌కు వేరే కౌంటరు ఉండాది."

దీపం లేదు, టపాకాయ లేదు, పైగా యాడికీ పోదు. క్రిస్మస్ ఓడ అయితే మాకు ఆ రోజుల్లో ఏ పూజా అడ్డురాదు, చలికాలం కూడా. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను.

"క్రిస్మస్ మనకేంటికే? పోతే దీపావళికే," అన్నాడాయన.

"అంగట్లో పూజ?"

"చేసేవాళ్లు చేస్తారులే."

ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది. గట్టిగా అడిగితే లేచి వెళ్లిపోతాడని తెలుసు. అందుకే వారం తర్వాత, చీర కొనే వంక పెట్టుకుని, ధర్మవరంలో ఉన్న వదిన దగ్గరికి బయల్దేరాను. వదిన మా ఆయనకు అక్క. ఆమె మాటంటే మా ఆయనకూ, ఆయన తమ్ముడికీ గురి.

బస్సు సోమందేపల్లి దాటి పెనుకొండలో ఆగినప్పుడు ట్రావెల్ ఆఫీసు ఆమె ఫోన్ చేసింది. దీపావళి ఓడలో కిటికీ గది ఒక్కటే మిగిలిందట. సాయంత్రంలోగా చెప్పాలట. బస్సు కిటికీలోంచి కొండ మీది పాత గోడలు కనిపిస్తున్నాయి. కింద ఎవరో దోసకాయలు అమ్ముతున్నారు. నేను ఫోన్‌లో "కిటికీ యా వైపు ఉంటాది?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. "సముద్రం వైపేనక్కా, అన్ని వైపులా సముద్రమే కదా," అని ఆమె నవ్వింది.

వదిన చీరల అంగడికి తీసుకుపోయి నా ముందు చీరలు తీయించింది గానీ, నేను ఏదీ సరిగా చూడలేదు. విషయం చెప్పాను. ఆమె చేతిలో ఉన్న చీర మడత అలాగే పట్టుకుని నన్ను చూసింది.

"నీకు తెలీదా పాపా? వాడు చెప్పలేదా?"

ఆ ఏడు ఉగాదికి మా ఆయన, మరిది అంగడి పంచుకున్నారు. గొడవేమీ లేదు. పిల్లలు ఎదిగారు, ఎవరిది వాళ్లకుంటే మంచిదనుకున్నారు. అంగడి మధ్యలో గోడ లేచింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, మామగారు పెట్టిన లక్ష్మీదేవి పటం ఉన్న గోడ మరిది వైపు పోయింది.

"పటం నువ్వే తీసుకో అన్నా అని చిన్నోడు అన్నాడు. గోడకు ఉన్నది గోడకే ఉండనీ అని వీడే అన్నాడు. అనేసినాడు గానీ, ఇంతవరకూ కొత్త పటం కొన్నాడా? కొనలేదు."

"అయితే ఏం చేద్దాం వదినా?"

"వాణ్ణి ఓడకు తీసుకపో. ఈ ఒక్క ఏడు చిన్నోని పూజలో వాణ్ణి నిలబెట్టొద్దు," అంది వదిన. నేను చీర సంచితో ధర్మవరం బస్టాండు చేరేలోపు మళ్లీ ఫోన్ చేసి, "వద్దులే పాపా, పండగనాడు ఇల్లు చీకటి చేసి పోతారా ఎవరైనా?" అంది.

నేను బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. రెండు మాటలూ సరైనవే అనిపించాయి. హిందూపురం బస్సు వచ్చి నిలబడింది. ఎక్కేముందు ట్రావెల్ ఆఫీసుకు ఫోన్ చేసి దీపావళిదే ఖాయం చేయమన్నాను. ఇంటికొచ్చి చెబితే, ఆయన సంతోషపడతాడనుకున్నాను. "అవునా," అని మాత్రం అన్నాడు.

ముంబైలో ఎక్కాక చూస్తే, ఓడ నేను అనుకున్నట్టు లేదు. ఓడలాగానే లేదు. లోపల లిఫ్టులు, తివాచీలు, అంతస్తులు. మొదటి రోజు మా గది వెతుక్కుంటూ రెండుసార్లు వేరేవాళ్ల తలుపు తట్టాను. ఓడ కదిలిందో లేదో తెలియక ఒకాయన్ని అడిగితే, గంట క్రితమే బయల్దేరిందన్నాడు. పైకెళ్లి చూస్తే నేల ఏ వైపునా లేదు. మా ప్రాంతంలో చెరువు నిండితే చాలు ఊరంతా చూడ్డానికి పోతారు. ఇన్ని నీళ్లు చూసి ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

పండగ సాయంత్రం పెద్ద హాల్లో కాగితపు బంతిపూల తోరణాలు కట్టారు. వందల బ్యాటరీ దీపాలు ఒకే రకంగా మినుకుమంటున్నాయి. పూజ మొదలవుతుంటే పక్కన చూశాను, ఆయన లేడు. పైన రెయిలింగు దగ్గర దొరికాడు. సిల్కు పంచెలో, ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏం చేస్తాండారు?"

"సిగ్నల్ లేదు."

"ఆడ లేకుండా పోవాలనే కదా వచ్చింది? వదిన అంతా చెప్పింది నాకు."

ఆయన ఫోన్ దించాడు.

"ఇరవై ఏండ్లు ఆ పటానికి నేనే హారతిచ్చినా. ఇప్పుడు పోయి, వాడు ఇస్తే పక్కన నిలబడి కండ్లకద్దుకోవాల్నా?"

"మల్ల ఫోనేంటికి?"

"వానికి మంత్రాలు రావు," అన్నాడు. "ఎప్పుడూ నా ఎనక నిలబడి గంట కొట్టేవాడు, అంతే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన మాత్రం సీరియస్‌గానే ఉన్నాడు. కింద హాల్లో హారతి పాట మొదలైంది. మేము దిగలేదు.

మూడో రోజు పొద్దున ముంబై దగ్గరపడుతుంటే ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అన్నీ మరిది చేసిన మిస్డ్ కాల్సే. ఆయన వెంటనే చేశాడు. పక్కనే ఉన్నాను కాబట్టి మరిది గొంతు నాకూ వినపడింది.

"ఏమన్నా, యాడికి పోయినావు? పటానికి పూలు పెట్టి నీకోసం కాచుకోనుండా. పూజ చేయలేదు."

"అమావాస్య అయిపాయె కదప్పా!"

"అయిపోతే ఏమి? నువ్వు రా."

హిందూపురం చేరిన సాయంత్రం స్నానం చేసి ఆయన నేరుగా మరిది అంగడికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. తిథి కాని రోజు పూజేమిటని పక్క మండీ వాళ్లు వింతగా చూశారు. ఆయన హారతి ఇచ్చాడు, మరిది గంట కొట్టాడు. తర్వాత ఆయన గోడకు ఇవతల ఉన్న తన అంగడికి వచ్చి మామూలుగా షట్టరు ఎత్తాడు.

మేము ఓడెక్కకపోయి ఉంటే ఆయన మరిది గడప తొక్కేవాడా? వెళ్లినందుకే తొక్కాడా? లేక మేము వెళ్లి మరిదిని పండగపూట అట్లా కాచుకునేట్టు చేశామా? వదినను అడిగితే, "అదేమో పాపా," అంది. ఓడ ఎట్ల ఉండాదని ఊళ్లో ఎవరైనా అడిగితే, ఆయన బాగుందంటాడు. నేను పెద్దదిగా ఉందని చెబుతాను.