అగ్గిపాడు రోజు మా ఇంటి పొయ్యి

మీ తలుపు మూసుకోమని ఎవరైనా చెప్పినప్పుడు మీరు ముందు చూసేది చెప్పిన మనిషి మొహమా, చెప్పిన మాటలోని నిజమా? తొందరపడి జవాబు చెప్పకండి. నిజమే చూస్తామని మా ఊరివాళ్లు కూడా అనేవాళ్లు. ఒక ఎండాకాలంలో వాళ్లు ఏం చూశారో నేను దగ్గరుండి చూశాను. ఇన్నేళ్లయినా వాళ్ల మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలన్న ఉద్దేశమూ లేదు.

మాది బెళుగుప్పకు పడమటగా ఉన్న మెట్ట పల్లె. వరసగా వానలు తప్పి, బావులన్నీ ఎండి, ఊరికంతా ఒక్క దిగుడుబావి మిగిలింది. మెట్లు దిగి, పాదాలు నీళ్లలో పెట్టి, కడవ ముంచుకుని రావాలి. ఆ నీళ్లలోనే కాళ్లు కడిగేవాళ్లు, పుక్కిలించేవాళ్లు, పసిపిల్లల గుడ్డలు జాడించేవాళ్లు. నేను అప్పటికి అనంతపురంలో టీచరు ట్రైనింగు ముగించుకుని, ఉద్యోగం కోసం కాచుకుని ఇంటి దగ్గర ఉన్నాను. పట్నంలో ఆదివారాలు జరిగే చర్చాగోష్ఠులకు పోయి నేను ఒక అలవాటు నేర్చుకున్నాను. ఎవరు ఏం చెప్పినా "అది మీకు ఎట్లా తెలుసు?" అని అడగడం. గోష్ఠిలో ఆ ప్రశ్నకు చప్పట్లు కొట్టేవాళ్లు. మా ఊళ్లో దానికి పొగరని పేరు.

ఆ ఎండల్లో కలరా వచ్చింది. ఊరి చివర కూలివాళ్ల వాడలో ముందు ఒక ముసలాయన పోయాడు, ఆ వెంటనే ఆయన కోడలు. తాలూకా నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, బస్సు టాపు మీద సైకిలు వేసుకుని. చావడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ప్రతి ఒక్కరూ సూది వేయించుకోవాలి. బావిలోకి ఎవరూ దిగకూడదు, ఒక్క మనిషి పైనుంచి ఒక్క బొక్కెనతో చేది అందరికీ పోయాలి. నీళ్లు తెర్లేదాకా కాచి తాగాలి. జబ్బు తగ్గేదాకా సంతకు పోకూడదు, చుట్టాలను రానివ్వకూడదు. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. చెప్పిన తీరు మాత్రం గొడ్లను అదిలించినట్టు ఉండింది. ఎందుకు అన్నది ఆయన చెప్పలేదు. చెబితే అర్థం చేసుకునే బుర్రలు ఈ ఊళ్లో లేవని వచ్చే ముందే నిర్ణయించుకున్నట్టున్నాడు.

మా నాయనకు వరసకు అన్న అయ్యే ఒకాయన ఊరికి పెద్ద. నేను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, బాయి తవ్వుకున్నోళ్లం మేము. ఎవరు దిగల్లో, ఎవరు తాగల్లో నువ్వు చెప్తాండావా? స్వతంత్రం వచ్చింది నీ ఒక్కనికేనా?"

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. పోలీసులను తెస్తానన్నాడు, తెచ్చాడు కూడా. తెచ్చి ఏం చేశాడు? కూలివాళ్ల వాడ చుట్టూ తుమ్మకంప వేయించి, దారిలో ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టాడు. అప్పటికే మా వీధిలోనూ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా వీధికి కంప పడలేదు. పెద్దనాయన బండి ఎప్పటిలాగే సంతకు పోయి వచ్చింది. ఆ కానిస్టేబుల్ మధ్యాహ్నం పెద్దనాయన ఇంట్లోనే భోంచేశాడు. కంపలోపల ఉన్నవాళ్లకు గింజలు ఎవరు ఇస్తారన్న ఆలోచన సర్కారుకు రాలేదు, ఊరికీ రాలేదు. రోజు కూలి లేకపోతే రోజు సంగటి లేని మనుషులు వాళ్లు. కొన్నాళ్లు చూసి, కంప ఈడ్చి పారేసి పనులకు పోయారు. నేను వాళ్లను తప్పుపట్టను. ఆకలితో కూర్చోబెట్టడానికి జాగ్రత్త అని పేరు పెట్టిన వాళ్లను తప్పుపడతాను.

అయితే సర్కారు మీద కోపం వస్తే, ఆ కోపంతో పాదాలు కడిగిన నీళ్లు తాగాలా? పెద్దనాయన తాగాడు. అందరినీ తాగమన్నాడు. ఆయన చెప్పిన స్వతంత్రం అదే.

తరువాత మా ఇంట్లో మా చిన్నమ్మ జబ్బున పడింది. మా చిన్నాయన కరువుకు తాళలేక బళ్లారి వైపు కూలికి పోయి ఉన్నాడు, ఆమె మా దగ్గరే ఉండేది. నాకంటే కొద్దిగా పెద్దది, అంతే. ఒక్క రోజులోనే కళ్లు గుంటలు పడి, చేతి చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలిచిపోయింది. కూలివాళ్ల వాడ నుంచి తిరిగి పోతున్న ఇన్‌స్పెక్టరును ఆపి అడిగాను. ఒక్కదాన్నే నిలబడి అడిగానేమో, మనిషిలాగా జవాబు చెప్పాడు. తెర్లించి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి కొద్దికొద్దిగా తాగించమన్నాడు. కక్కినా మానొద్దు, గంజి తాగించు, గుడ్డలు ఉడకబెట్టు, మనిషిని కదిలించొద్దు అన్నాడు.

అప్పటి నుంచి మా పొయ్యి ఆరలేదు. ఒక కడవ కాగుతుంటే ఒక కడవ చల్లారుతూ ఉండేది. నేను గరిటెతో తాగించడం, ఆమె కక్కడం, నేను మళ్లీ తాగించడం. అట్లా పోగా పోగా వాంతులు నిదానించాయి. చిన్నమ్మకు గొంతు వచ్చింది. "పాపా, ఇంగొంచెం నీళ్లు పొయ్యి" అని తానే అడిగింది. ఆ మాట విని మా అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.

అదే సాయంత్రం దండోరా వేశారు. రేపు అగ్గిపాడు.

తెలియని వాళ్లకు చెబుతాను. ఊరికి చెడు సోకిందనుకున్నప్పుడు మా పక్క కొన్ని పల్లెల్లో అగ్గిపాడు పాటిస్తారు. పొద్దు పొడవకముందే ప్రతి ఇంట్లో పొయ్యి, దీపం ఆర్పేయాలి. తలుపులకు తాళాలు వేసి, గొడ్డూగోదాతో సహా ఊరు మొత్తం పొలిమేర దాటి పోవాలి. పొద్దు గూకేదాకా ఊళ్లో మనిషి ఉండకూడదు, ఎక్కడా ఎవరూ నిప్పు ముట్టించకూడదు. ముందురోజు వండిన సద్ది తిని ఉండాలి. మా అవ్వ తన చిన్నతనంలో ప్లేగు వచ్చినప్పటి సంగతి చెప్పేది. మిద్దెల్లోంచి ఎలుకలు రాలి పడుతుంటే జనం ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట, అట్లా వదిలిన వాళ్లే బతికారట. నేను ఆ మాటను వెక్కిరించను. ఎలుకల వెంట వచ్చే రోగానికి ఇల్లు వదలడం తెలివైన పనే. మా ఊరు ఆ పనిని గుర్తుపెట్టుకుంది, కారణాన్ని మరిచిపోయింది. నీళ్ల వెంట వచ్చిన రోగానికి ఎలుకల రోగపు మందు వేసింది. నీళ్లు కాచుకోవాల్సిన రోజుల్లో నిప్పు ఆర్పమంది.

తెల్లవారుజామున మా ఇంట్లోంచి పొగ రావడం చూసి పెద్దనాయన, ఆయన వెనక చాలామంది మా గడప ముందుకు వచ్చారు. నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం పాపా, ఊరంతా ఆర్పినాక నీ ఒక్కదానికి సెలవిచ్చినోళ్లెవరు?" అన్నాడు పెద్దనాయన.

చిన్నమ్మకు కాగిన నీళ్లు తప్ప వేరేవి పోయకూడదనీ, కదిలిస్తే ప్రమాదమనీ చెప్పాను. ఊరు పోతే పోనీ, మేమిద్దరం లోపల గడియ వేసుకుని ఉంటాం, ఎవరి కంటా పడం, ఎవరికీ ఎదురు రాం అన్నాను.

"ఒక్క ఇంట్లో అగ్గి మిగిలినా అది ఊరి మీద పడతాది. నీ ఒక్క ఇంటి కోసం ఇంతమందిని సంపుకోమంటావా? అందరి మేలు కోసం ఒకరు తగ్గల్ల."

నేను అడిగాను. "మొన్న చావడిలో మా బాయి, మా ఇష్టం అంటివి గదా పెద్దనాయనా. ఆ ఇష్టం మా ఇంటికి ల్యాదా?"

"అది సర్కారు మాట. ఇది ఊరి మాట."

ఇంకేం లేదు, ఆయన తర్కం మొత్తం అంతే. సూదికి ఎదురు తిరిగినప్పుడు ఆయన నోట స్వేచ్ఛ. నా పొయ్యి ఆర్పేటప్పుడు అదే నోట అందరి క్షేమం. ఈ రెండు మాటల్నీ ఆయన భుజం మీది తుండుగుడ్డలాగా అటు తిప్పి ఇటు వేసుకున్నాడు. రెండుసార్లూ ఆయన ఒకే ఒక్కటి చూశాడు, ఆజ్ఞ ఇచ్చింది తానా, వేరేవాడా అని.

అగ్గి ఆర్పితే జబ్బు పోతుందని ఎట్లా తెలుసని అడిగాను. ప్లేగు నాడు పోలేదా అన్నాడు. అది ఎలుకల రోగం అన్నాను. వెనక నుంచి ఎవరో, "ట్రైనింగు పిల్ల ఎలకలకు గూడా పాఠం చెప్తాది లేప్పా" అన్నాడు. నవ్వారు. లోపల ఒక ఆడమనిషి చావుబతుకుల్లో ఉండగా, ఆమెను ఎరిగిన వాళ్లంతా నవ్వారు.

నాతో వాదించడం మానేసి పెద్దనాయన మా నాయన వైపు తిరిగాడు. "నీ బిడ్డను సముదాయించుకుంటావా, రేపట్నించి బాయి మెట్లు దిగేది మర్సిపోతారా?"

ఆ కరువులో ఆ మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. నాయన నా మొహం చూడలేదు. నన్ను పక్కకు జరిపి లోపలికి పోయి, చేతికి అందిన కడవ ఎత్తి పొయ్యిలో కుమ్మరించాడు. కాచి చల్లార్చి పెట్టిన నీళ్లవి. గడప ముందున్న వాళ్లలో ఒక్కరు కూడా చెయ్యి ఎత్తాల్సిన పని పడలేదు. ఊరి కట్టుబాటు ఎప్పుడూ అట్లాగే పనిచేస్తుంది, మన ఇంటివాళ్ల చేతుల్తోనే.

చిన్నమ్మను బొంతలో చుట్టి బండిలో వేశారు. వంక ఒడ్డున చింతతోపులో ఊరంతా దిగింది. ఎండిన వంకలో ఇసుక తవ్వి చెలమ తీశారు. ఊరి కడవలన్నీ, చేతులన్నీ ఆ ఒక్క గుంటలోనే. నేను ఒక చెంబులో దాచి తెచ్చిన నీళ్లు బండి తోపు చేరకముందే అయిపోయాయి. కుదుపులకు వాంతులు మళ్లీ మొదలయ్యాయి. తెర్లిన నీళ్లు లేవా పాపా అని చిన్నమ్మ అడిగింది. నేను బండి చుట్టూ చూశాను. ఇంతమంది మనుషులు, ఒక్క నిప్పు లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె పోయింది. కదిలించకపోతే బతికేదని నేను ప్రమాణం చేయలేను. బతికే దారి పట్టిందని మాత్రం చెప్పగలను, ఆ దారిలోంచి ఈడ్చి తెచ్చింది ఎవరో కూడా చెప్పగలను.

ఆ తర్వాత చెలమ నీళ్లు తాగిన ఇళ్లలో రోగులకు వరసగా పడకలు వేశారు. అప్పుడైనా కళ్లు తెరిచారా? లేదు. మా పొయ్యి ఆలస్యంగా ఆర్పారు కాబట్టి అగ్గిపాడు పారలేదన్నారు. ఆ పాపం మా గడప మీద పెట్టారు. చివరికి లారీ నిండా పోలీసులు దిగితే వరసలో నిలబడి సూది వేయించుకున్నారు. పెద్దనాయన అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన కంటికి కనిపించింది నిజం కాదు, లాఠీ.

ఇప్పుడు మశూచి టీకాల వాళ్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. స్వేచ్ఛ గురించి రాసే నువ్వు బలవంతపు టీకాను ఎట్లా ఒప్పుకుంటావని నన్ను నిలదీసే మిత్రులు ఉన్నారు. వాళ్లకు నా జవాబు ఆ దిగుడుబావి మెట్ల మీద ఉంది. నా పాదం కడిగిన నీళ్లు ఇంకొకరి గొంతులోకి పోయే చోట నా ఇష్టానికి చోటు లేదు. టీకాల మనిషి వస్తే నేను జబ్బ చాపుతాను, నా పక్కింటివాణ్ణీ చాపమంటాను. అట్లాగని కట్టడి చేసేవాడి కాళ్లు మొక్కను. కారణం చెప్పలేనివాడికి నా తలుపు మూసే హక్కు లేదు. తన బండిని సంతకు తోలుకుంటూ పేదవాడి వీధికి కంప వేసేవాడికి అసలే లేదు.

ఇదంతా జరిగాక కొందరు మా ఇంటికి వచ్చి, నువ్వు చెప్పిందే నిజం పాపా అని చెవిలో చెప్పి పోయారు. వాళ్లంతా ఆ తెల్లవారుజామున మా గడప ముందు ఉన్నవాళ్లే. నవ్విన వాళ్ల మీద కంటే వీళ్ల మీదనే నాకు కోపం ఎక్కువ. నవ్విన వాళ్లకు తెలియదు. వీళ్లకు తెలుసు. వీళ్లలో ఒక్కడు ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే మా నాయన చెయ్యి కడవ మీదికి పోయేది కాదు.

చదువుతున్న మీకు కూడా తెలుసు. కాబట్టి ఈసారి మీ ఊళ్లో ఏ ఆజ్ఞ వచ్చినా, అది సర్కారుదైనా, ఊరిదైనా, చావడిలో అందరి ముందు లేచి కారణం అడగండి. ఆ కట్టడి చెప్పినవాడికీ వర్తిస్తుందా అని అడగండి. లోపల ఉన్నవాళ్లకు కూడు ఎవరు పెడతారో అడగండి. సరైన జవాబు వస్తే మీ తలుపు మీరే మూసుకోండి, ఒద్దన్న పక్కింటివాడికి నచ్చజెప్పండి. రాకపోతే, గుంపు ఏ ఇంటి మీదికి పోతుందో ఆ ఇంటి గడప మీదికి గుంపు కంటే ముందు మీరు చేరండి. చేరి నిలబడండి. అంతా అయిపోయాక వచ్చి చెవిలో చెప్పకండి.